విస్కీ పుట్టే ఊళ్ళో అమ్మతో మూడు రోజులు

ఈ ఎపిసోడ్ విస్కీ గురించి. ఆగండి, ఏ బ్రాండ్ కొనాలి, ఏది బెస్టు అని చెప్పే వీడియో కాదు ఇది. విస్కీ ఎలా తయారవుతుంది, బాటిల్ మీద రాసే మాటలకి అసలు అర్థం ఏంటి అనేది మా ఫ్యామిలీ ట్రిప్‌లో చూసింది చూసినట్టు చెప్తాను. దాంతోపాటు, సారా పేరెత్తితేనే మండిపడే మా అమ్మ ఆ ట్రిప్‌కి వస్తే ఏం జరిగిందో కూడా చెప్తాను. ఈ రెండోది చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. చెప్పేస్తున్నాను.

ముందే ఒక మాట. ఆంధ్రలో, తెలంగాణలో మద్యం కొనాలంటే 21 ఏళ్ళు నిండాలి, ఇక్కడ బ్రిటన్‌లో 18. ఆ వయసు రానివాళ్ళు కూడా ఇది వినొచ్చు. ఇందులో సగం కెమిస్ట్రీ, మిగతా సగం మా ఇంటి సంగతి.

అమ్మని తీసుకెళ్ళాలా?

మేం ఉండేది స్కాట్లాండ్‌లో, అబర్డీన్‌లో. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ళ పాప. అమ్మ నెల్లూరు జిల్లా నుంచి విజిట్ వీసా మీద వచ్చి మా దగ్గర ఉంది. ఒకరోజు లీడ్స్‌లో ఉండే మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, స్పేసైడ్ మీకు గంటన్నర దూరం. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నన్ను తీసుకెళ్ళావా?" అని పట్టుకున్నాడు.

స్పేసైడ్ అంటే స్పే అనే నది చుట్టూ ఉండే ప్రాంతం. స్కాట్లాండ్‌లో ఉన్న డిస్టిలరీల్లో మూడో వంతు దాకా ఇక్కడే ఉన్నాయి, దాదాపు 50. మనకి గోదావరి గట్టున వరసగా రైస్ మిల్లులు కనపడతాయి చూడండి, అక్కడ డిస్టిలరీలు అట్లా కనపడతాయి.

వెళ్ళడానికి నాకేం అభ్యంతరం లేదు. నా భయం అమ్మ గురించి. మా నాయన కూలిపని చేసేవాడు. కూలి డబ్బుల్లో సగం ఊళ్ళో సారా ప్యాకెట్లకే పోయేది. 1992లో మా జిల్లాలోనే దూబగుంట అనే ఊళ్ళో ఆడవాళ్ళు కలిసి సారా కొట్టు మూయించారు. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటూ, పాఠంలో ఉన్న కథ తమ కథే కదా అని లేచినవాళ్ళు వాళ్ళు. అది ఊరూరా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో మొత్తం మద్యమే నిషేధించారు. 1997లో ఎత్తేశారు. పుస్తకాల్లో మీరు చదివే సారా ఉద్యమం ఇదే. మా ఊళ్ళో కొట్టు ముందు కూర్చున్న ఆడవాళ్ళలో మా అమ్మ ఒకతి. ఆమె సంతకం నేర్చుకున్నది కూడా ఆ రాత్రిబడిలోనే. నిషేధం వచ్చిందిగానీ మా నాయన లివర్ అప్పటికే పాడైంది. నేను ఇంటర్ చదివేటప్పుడు పోయాడు.

అలాంటి మనిషిని విస్కీ టూర్‌కి ఎట్లా రమ్మంటాం? "నువ్వు, పాప ఇంట్లో ఉండండమ్మా, మేం వెళ్ళొస్తాం" అన్నాను. అమ్మ ఒక్క నిమిషం ఆలోచించి, "నేనూ వస్తారా. దాన్ని యాడ చేస్తారో, ఎట్టా చేస్తారో ఒకసారి చూడాలి" అంది.

ముందు పీపాలు

శుక్రవారం లీవ్ పెట్టి బయల్దేరాం. మొదట ఆగింది క్రెయిగెలాకీ అనే చిన్న ఊళ్ళో, స్పేసైడ్ కూపరేజ్ దగ్గర. కూపరేజ్ అంటే చెక్క పీపాలు చేసే, బాగుచేసే చోటు. 1947 నుంచి ఉంది. పైన గ్యాలరీలో నిలబడి కింద పనివాళ్ళని చూడొచ్చు. పిల్లలున్నవాళ్ళు ముందు ఇక్కడికే వెళ్ళండి, మా పాప కదల్లేదు.

ఓక్ చెక్కలు నిలువుగా పేర్చి, చుట్టూ ఇనప కట్లు దిగ్గొడతారు. మేకు ఉండదు, జిగురు ఉండదు. సందులు మూయడానికి ఎండిన రెల్లులాంటి గడ్డి పెడతారు. అయినా చుక్క కారదు. ఈ పని నేర్చుకోవడానికి నాలుగేళ్ళు అప్రెంటిస్‌గా ఉండాలి. అమ్మ చూసి, "బండి చక్రానికి కమ్మీ దించినట్టే ఉండాది" అంది. నిజమే, అదే సుత్తి చప్పుడు.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. అమెరికాలో బర్బన్ అనే విస్కీకి చట్టం ఏంటంటే, లోపల కాల్చి మసి చేసిన కొత్త ఓక్ పీపాలోనే పెట్టాలి. ఒకసారి వాడిన పీపా మళ్ళీ బర్బన్‌కి పనికిరాదు. మరి ఆ పాత పీపాలన్నీ ఏం చేస్తారు? ఓడల్లో స్కాట్లాండ్ వస్తాయి. ఒక్కోటి దాదాపు 200 లీటర్లు పడుతుంది. స్కాచ్‌లో ఎక్కువ భాగం ఇలాంటి సెకండ్ హ్యాండ్ పీపాల్లోనే పెరుగుతుంది.

గింజ నుంచి ఊట దాకా

శనివారం డఫ్‌టౌన్‌లో ఒక డిస్టిలరీ టూర్ బుక్ చేశాం. పేరు చెప్పను, ఇది ప్రమోషన్ కాదు. ఆ ఊళ్ళోనే మీ అందరికీ తెలిసిన గ్లెన్‌ఫిడిక్ ఉంది. చివర 'చ్' కాదు, 'క్' అనాలి. విలియమ్ గ్రాంట్ అనే ఆయన ఏడుగురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళ సాయంతో కట్టుకున్నది అది. 1887లో క్రిస్మస్ రోజున మొదటి స్పిరిట్ తీశారు. ఇప్పటికీ ఆ కుటుంబం చేతుల్లోనే ఉంది.

మాల్ట్ విస్కీకి కావాల్సినవి మూడే: బార్లీ, నీళ్ళు, ఈస్ట్. బార్లీని నానబెట్టి మొలకెత్తిస్తారు. గింజలో ఉండేది పిండి పదార్థం. పిండిని ఈస్ట్ తినలేదు, దానికి చక్కెర కావాలి. గింజ మొలకెత్తేటప్పుడు, పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు దానంతట అదే తయారుచేసుకుంటుంది. సరిగ్గా అప్పుడు వేడిగాలితో ఆరబెట్టి మొలకని ఆపేస్తారు. దాన్నే మాల్ట్ అంటారు. గైడ్ నాలుగు గింజలు చేతిలో పెడితే అమ్మ పంటికింద వేసుకుని, "తియ్యగా ఉందిరా, మన రాగిమాల్టు మాదిరే" అంది. మాదిరే కాదు, పద్ధతి అదే. మన ఇంట్లో రాగులు నానబోసి, మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టిస్తాం కదా, మొదటి మెట్టు అదే. రాగిమాల్ట్ పేరులో ఉన్న మాల్ట్ ఇదే.

తర్వాత మాల్ట్‌ని మరపట్టి, పెద్ద తొట్టిలో వేడినీళ్ళు పోసి కలుపుతారు. తియ్యటి నీళ్ళు కిందికి దిగుతాయి. మిగిలిన పిప్పి పశువులకి మేతగా పోతుంది. ఆ నీళ్ళని చల్లార్చి, చెక్కతోనో స్టీలుతోనో చేసిన పెద్ద బానల్లో పోసి ఈస్ట్ వేస్తారు. రెండు మూడు రోజులు బుసబుస పొంగుతుంది. చక్కెర ఆల్కహాల్‌గా మారుతుంది, కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. చివరికి 8 శాతం దాకా ఆల్కహాల్ ఉన్న పుల్లటి ద్రవం మిగులుతుంది. స్ట్రాంగ్ బీరు లాంటిదనుకోండి.

గైడ్ ఆ బాన మూత కొంచెం తీసి, వాసన చూడమంది. మా బావమరిది తల లోపలికి పెట్టి, ముక్కులో సూది గుచ్చినట్టయి ఎగిరి వెనక్కి పడ్డాడు. అది కార్బన్ డయాక్సైడ్ పని. పాప పడీపడీ నవ్వింది. అమ్మ నవ్వలేదు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నాలుగడుగులు వెనక్కి వెళ్ళింది. ఘాటు పడలేదేమో అనుకుని దగ్గరికి వెళ్ళాను. "మీ నాయన వాసనరా" అంది. ఊట వాసన. బార్లీ అయినా బెల్లమైనా, పులిస్తే వచ్చే వాసన ఒకటే కదా.

రాగి బట్టీల దగ్గర

ఇక్కడి నుంచి వీడియో లేదు, ఎందుకో చెప్తాను. చాలా డిస్టిలరీల్లో స్టిల్స్ ఉండే గదిలోకి ఫోన్ ఆన్ చేసి పోనివ్వరు. గాల్లో ఆల్కహాల్ ఆవిరి ఉంటుంది, నిప్పురవ్వ పడితే ప్రమాదం. కాబట్టి నా మాట మీదే ఊహించుకోండి.

స్టిల్ అంటే పెద్ద రాగి బట్టీ. కింద ఉల్లిగడ్డలాగా లావు, పైకి పోయేకొద్దీ సన్నం, చివర కొంగ మెడలాగా వంపు. ఆల్కహాల్ దాదాపు 78 డిగ్రీలకే మరుగుతుంది, నీళ్ళు 100కి. అందుకే వేడి చేస్తే ఆల్కహాల్ ఎక్కువగా ఉన్న ఆవిరి ముందు పైకి లేస్తుంది. ఆ ఆవిరిని చల్లబరిస్తే మళ్ళీ ద్రవం. ఇలా రెండుసార్లు చేస్తారు. రాగి ఎందుకంటే, ఆవిరిలో ఉండే గంధకపు వాసనల్ని రాగి లాగేసుకుంటుంది.

రెండోసారి కాచేటప్పుడు అసలు నైపుణ్యం. మొదట వచ్చేది ఘాటుగా, నెయిల్ పాలిష్ రిమూవర్ వాసనతో ఉంటుంది. చివర్లో వచ్చేది బరువుగా, తడిసిన అట్టముక్క వాసనతో ఉంటుంది. మధ్యలో వచ్చేదాన్ని మాత్రమే పీపాలకి తీసుకుంటారు. ఆ మధ్య భాగాన్ని ఇంగ్లీషులో హార్ట్ అంటారు, అంటే గుండెకాయ.

అమ్మ నన్ను గిల్లి, "ముందొచ్చేది, వెనకొచ్చేది పారబోస్తారా అడుగు" అంది. అడిగాను. పారబొయ్యరట, తర్వాతి విడతలో కలిపి మళ్ళీ కాస్తారట. గైడ్ అమ్మ వైపు చూసి, ఇది మంచి ప్రశ్న అంది. అమ్మకి ఆ పని తెలుసని ఆవిడకేం తెలుసు? మా ఊరి చెరువు అవతల బట్టీలుండేవి. కుండ మీద కుండ, గొట్టం, కింద తడిగుడ్డ. సూత్రం ఇదే. కానీ అక్కడ ముందూ వెనకా అంతా ఒకే సీసాలోకి.

ఇక్కడ చాలామంది నమ్మే ఒక తప్పు మాట సరిచెయ్యాలి. కల్తీసారా తాగి మనుషులు చనిపోవడానికి అసలు కారణం ఎక్కువసార్లు ఈ "మొదటి చుక్కలు" కాదు. ఫ్యాక్టరీల్లో వాడే మిథనాల్‌ని కిక్కు కోసమో లాభం కోసమో కలపడం. మిథనాల్ ఒంట్లోకి పోయాక ఫార్మిక్ యాసిడ్‌గా మారి ముందు కంటి నరాన్ని, తర్వాత ప్రాణాన్ని తీస్తుంది. రంగు చూసి, వాసన చూసి, వెలిగించి మంట చూసి దాన్ని కనిపెట్టలేం. అట్లాంటిది తాగి చూపు మసకబారితే ఒక్క నిమిషం ఆగకుండా ఆస్పత్రికి పోవాలి. ఇంకోటి, ఇంట్లో సారా కాయడం మన దగ్గరా నేరమే, లైసెన్సు లేకుండా బ్రిటన్‌లోనూ నేరమే.

బట్టీల పక్కన ఇత్తడి, అద్దాలతో చేసిన ఒక పెట్టె ఉంది. స్పిరిట్ అందులోంచే పారుతుంది, దానికి తాళం. పూర్వం ఆ తాళంచెవి ఎక్సైజ్ అధికారి దగ్గర ఉండేది, ఒక్క చుక్క కూడా పన్ను తప్పించుకోకూడదని. ఇది చెప్తే అమ్మ, "గవర్నమెంటు వాటా ముందు లెక్కేసుకుని తర్వాత జనానికి పోస్తారన్నమాట. ఆడా అంతే, ఈడా అంతే" అంది. గైడ్‌కి దీన్ని అనువాదం చెయ్యలేదు నేను.

రంగు యాడిది?

ఆ పెట్టెలో పారేది నీళ్ళలాగా తెల్లగా ఉంది. 70 శాతం దాకా ఆల్కహాల్. మరి విస్కీకి ఆ తేనెరంగు ఎక్కడిది? ఇప్పుడు నిన్నటి పీపా గుర్తుతెచ్చుకోండి. కాలిన ఓక్ చెక్కలోంచే రంగు, వెనిల్లా వాసన, తీపి దిగుతాయి. ఎండకి చెక్క సాగి, చలికి ముడుచుకుని, స్పిరిట్ లోపలికీ బయటికీ ఊపిరి పీల్చినట్టు కదులుతుంది. స్కాచ్ అని పేరు పెట్టాలంటే స్కాట్లాండ్‌లోనే, 700 లీటర్లు మించని ఓక్ పీపాలో, కనీసం 3 ఏళ్ళు ఉండాలి. బాటిల్‌లో కనీసం 40 శాతం ఉండాలి. ఇది చట్టం.

గోడౌన్ గోడలు నల్లగా మసి పట్టినట్టున్నాయి. "పొయ్యి యాడుంది?" అంది అమ్మ. పొయ్యి లేదు. పీపాల్లోంచి ఆవిరయ్యే ఆల్కహాల్‌ని తిని బతికే ఒక రకం బూజు అది. స్కాట్లాండ్‌లో ఏటా 2 శాతం దాకా ఇలా ఆవిరైపోతుంది. దేవదూతల వాటా అంటారు దాన్ని. 200 లీటర్ల పీపా 12 ఏళ్ళకి తెరిస్తే 40 లీటర్లకి పైగా పోయుంటుంది. "అయితే తాగేవాళ్ళు పైన కూడా ఉండారు" అని అమ్మ తేల్చేసింది. మన బెంగళూరు ఎండకి ఈ నష్టం చాలా రెట్లు ఎక్కువ, కానీ పెరగడమూ వేగమే. అక్కడి అమృత్ కంపెనీ తన సింగిల్ మాల్ట్‌ని 2004లో మొదట అమ్మకానికి పెట్టింది ఎక్కడో తెలుసా? గ్లాస్గోలో.

ఇక బాటిల్ చదవడం నేర్చుకుందాం. సింగిల్ మాల్ట్ అంటే ఒకే డిస్టిలరీలో, మాల్ట్ చేసిన బార్లీతోనే తీసింది. బ్లెండెడ్ అంటే వేరే ధాన్యాల విస్కీ కూడా కలిపింది. 12 అని రాసుంటే, అందులో కలిపినవాటన్నిటిలోకీ చిన్నదాని వయసు 12. బాటిల్‌లో పోశాక వయసు పెరగదు, అటకమీద ఎన్నేళ్ళు దాచినా అంతే. రంగు ముదురుగా ఉంటే పాతదని కాదు, క్యారమెల్ రంగు కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది. మన దేశంలో విస్కీ పేరుతో అమ్మేవాటిలో చాలావాటికి బేస్, చక్కెర మిల్లు మొలాసిస్ నుంచో ధాన్యం నుంచో తీసిన న్యూట్రల్ స్పిరిట్. మొలాసిస్‌తో చేసినదాన్ని ఇక్కడ విస్కీ అని అమ్మనివ్వరు.

ఆ రాత్రి

చివర్లో టేస్టింగ్. డ్రైవింగ్ నాది కాబట్టి నేను ముట్టుకోలేదు. స్కాట్లాండ్‌లో 2014 డిసెంబర్ నుంచి డ్రైవింగ్ లిమిట్ 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములే, ఇంగ్లాండ్ కంటే తక్కువ. డ్రైవర్లకి తమ వాటా చిన్న సీసాలో పోసి ఇంటికిస్తారు. మా బావమరిది గ్లాసులో అడుగున పోసింది చూసి అమ్మ, "ఇంతేనా?" అని ఆశ్చర్యపోయింది.

రాత్రి గెస్ట్‌హౌస్‌లో పాప నిద్రపోయాక అమ్మ మెల్లిగా అడిగింది. "అబ్బయా, మన వంటింట్లో పై అరలో బియ్యం డబ్బా వెనక ఒక సీసా ఉండాది కదా. అది ఎన్నాళ్ళకి అవుద్ది?"

ఫ్రెండ్స్, ఆమె వచ్చి రెండు నెలలు. ఆ సీసా సంగతి ఆమెకి తెలియదనుకున్నాను నేను. "రెండు వారాలకి" అన్నాను. మా ఆవిడ ఫోన్ చూసుకుంటూ, తల ఎత్తకుండానే, "వారానికొకటి అత్తయ్యా" అంది.

అమ్మ తిట్టలేదు. "మీ నాయన కూడా ముందు శనివారాలే తాగేవాడు" అని అటు తిరిగి పడుకుంది.

నాకు నిద్ర పట్టలేదు. ఫోన్‌లో లెక్క వేశాను. ఆ లెక్క మీరూ వెయ్యండి. బ్రిటన్‌లో ఒక యూనిట్ అంటే 10 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్. ఇక్కడి బాటిల్ 700 మిల్లీలీటర్లు, 40 శాతం. అంటే 28 యూనిట్లు. ఇక్కడి ప్రభుత్వ డాక్టర్లు ఆడా మగా ఎవరైనా వారానికి 14 దాటొద్దంటారు. నేను సరిగ్గా దానికి రెండింతలు. మన దగ్గర పెద్ద పెగ్గు 60 మిల్లీలీటర్లు, 42.8 శాతం, అంటే రెండున్నర యూనిట్లు. ఐదున్నర పెగ్గులకి వారం కోటా అయిపోతుంది. చాలామంది ఫ్రెండ్స్ గ్యాంగుల్లో అది ఒక్క శనివారం రాత్రి. ఆ 14 కూడా "సేఫ్" అని కాదు, రిస్క్ తక్కువ అని. అసలు సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది.

అప్పుడు నాకు తట్టింది ఇదే. ఆ డిస్టిలరీలో ప్రతిదీ కొలత. ఎంత గింజ, ఎంత వేడి, ఎప్పుడు మొదలెట్టాలి, ఎప్పుడు ఆపాలి, ఎన్నేళ్ళు, ఎంత ఆవిరి. చుక్కచుక్కకీ తాళం, లెక్క. బాటిల్ షాపులోంచి మన ఇంటికొచ్చాక మాత్రం కొలిచేవాళ్ళు ఎవరూ ఉండరు. "సింగిల్ మాల్ట్, క్లాస్‌గా తాగుతాను" అనుకుంటూ నేను చేస్తున్నది కూడా అదే. లివర్‌కి ప్యాకెట్ సారా, 12 ఏళ్ళ మాల్ట్ అని తేడా తెలియదు. దానికి తెలిసింది ఎన్ని యూనిట్లనేదే.

ఆదివారం ఇంటికొచ్చాక అమ్మ పాప దగ్గర మార్కర్ పెన్ అడిగి తీసుకుంది. అరలోంచి సీసా దించి, మందు ఎక్కడిదాకా ఉందో అక్కడ గీత గీసి, పక్కన తేదీ వేసింది. ఊళ్ళో నూనె డబ్బాకి గీసేది అట్లా, ఎంత వాడుతున్నామో తెలియాలని. "తాగొద్దని నేను చెప్పను. చెప్తే దాచుకుని తాగుతావ్. గీత మాత్రం చూసుకో" అంది.

ఇప్పుడు నాకు 25 మిల్లీలీటర్ల కొలత గ్లాసు ఉంది. వారంలో నాలుగు రోజులు అసలు లేదు. సీసా బియ్యం డబ్బా వెనక కాదు, అందరికీ కనపడే చోట ఉంది. ఒకటి మాత్రం జాగ్రత్త. మీ ఇంట్లో ఎవరైనా రోజూ బాగా తాగేవాళ్ళుంటే, ఒక్కసారిగా మాన్పించకండి. వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావొచ్చు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి మాన్పించండి.

స్పేసైడ్ వెళ్ళాలనుకునేవాళ్ళకి: టూర్లు ముందే బుక్ చేసుకోండి, కూపరేజ్ ఏ రోజుల్లో తెరుస్తారో చూసుకోండి. చిన్నపిల్లల్ని కొన్నిచోట్ల లోపలికి రానివ్వరు, వయసు రూల్ కనుక్కోండి. రోజుకి ఒక్క డిస్టిలరీ చాలు. డ్రైవ్ చేసేది ఎవరో ఇంట్లోనే తేల్చుకుని బయల్దేరండి. వీలైతే అమ్మనో నానమ్మనో తీసుకెళ్ళండి. గైడ్ చెప్పనివి వాళ్ళు చెప్తారు.

అమ్మ పోయిన నెల ఊరెళ్ళిపోయింది. డ్రైవర్ వాటా కింద నాకిచ్చిన ఆ చిన్న సీసా ఇంకా తెరవలేదు. పెద్ద సీసా మీద ఇప్పటికి గీతలు ఆరు, వారానికొకటి. ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో అమ్మ ముందు పాపతో మాట్లాడుతుంది, తర్వాత "గీత చూపించు" అంటుంది. చూపిస్తాను.